ఖాళీ కాటా మీద అరవై కిలోలు

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే రోడ్డులో, లారీ ఆఫీసు పక్కన, మూతపడిన కాటా ఒకటుంది. సిమెంటు లారీలు ఎక్కి బరువు తూయించుకునే పెద్ద ఇనప పలక, దాని పక్కనే అగ్గిపెట్టెంత గది. పగలు ఆ పలక మీద కుక్కలు పడుకుంటాయి. పొద్దుగూకితే మాత్రం... కుక్కలు కూడా దిగి వెళ్లిపోతాయి.

ఎందుకంటే, పలక ఖాళీగా ఉన్నా కాటా బరువు చూపిస్తుందిట.

దాన్ని నడిపిన బసవయ్యకి ఒక అలవాటు ఉండేది. లారీ పలక మీదికి ఎక్కగానే కిటికీలోంచి కేకేసేవాడు — "క్లీనరూ, దిగావా?" మనిషి బరువు సిమెంటు బరువులో కలవకూడదు కదా! కింద నుంచి "దిగానండీ" అని జవాబొస్తేనే బిల్లు రాసేవాడు. ఆ కేక రోడ్డవతల ఇళ్లవాళ్లందరికీ కంఠతా వచ్చు.

ఒకరోజు రాత్రి చివరి లారీ వెళ్లిపోయింది. పలక ఖాళీ. గదిలో బరువు చూపించే బోర్డు మీద మాత్రం ఎర్రటి అంకెల్లో అరవై. బసవయ్య అలవాటుకొద్దీ కేకేశాడు — "క్లీనరూ, దిగావా?"

చీకట్లోంచి... "దిగానండీ."

బోర్డు సున్నాకి వచ్చింది.

బసవయ్య అప్పటికప్పుడు తాళం వేసి, తాళంచెవి లారీ ఆఫీసులో పడేసి, నందిగామలో కూతురింటికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర తక్కెడ కనిపిస్తే మొహం తిప్పుకుంటాడుట. వంకాయలు కూడా లెక్కపెట్టి ఇమ్మంటాడుట. ఆ బండివాడి బాధ దెయ్యం బాధకన్నా పెద్దది.

ఇక మన హీరో తేజస్ సంగతి. వాడు చెప్పగా విన్నదే రాస్తున్నా. పరువు పోతుందని వాడు మింగేసిన ముక్కలన్నీ వాళ్ల చెల్లి మైథిలి కక్కింది. దానికి వాడి పరువంటే మొదట్నుంచీ పడదు.

తేజస్‌కి ఒక గేమ్ కన్సోలు ఉంది. దాంట్లో ఆడుతూ, ఆ ఆట లైవ్‌లో చూపిస్తూ, మాట్లాడుతూ బతికేద్దామని వాడి ఆశ. విజయవాడలో గీతాంజలి అనే ఆవిడ ఆటగాళ్ల జట్టొకటి నడుపుతోంది. ఆవిడ వాడికి ఒకే ఒక్క ఛాన్సిచ్చింది. గంటసేపు లైవ్. మధ్యలో తెగకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. మొత్తం రికార్డు చేసి పంపాలి.

వాళ్ల నాన్న ఉమాకాంతం మాస్టారు కూడా ఒకే ఒక్క మాటిచ్చాడు. "ఇది కుదిరిందా, నీ ఇష్టం. కుదరలేదా, సోమవారం నుంచి నందిగామలో బ్యాంకు కోచింగు. ఆ డబ్బా మీ అత్త కొడుక్కి."

డబ్బా అంటే కన్సోలే. అత్త కొడుకు దానిమీద ఇప్పటికే కన్నేసి, కూర్చోవడానికి కుర్చీ కూడా కొని తెచ్చుకున్నాడు.

ఇంట్లో ప్రయత్నిస్తే మొదటిరోజే దెబ్బ. కన్సోలుకీ లాప్‌టాప్‌కీ మధ్య క్యాప్చర్ కార్డని చిన్న పెట్టె ఉంటుంది. ఆట బొమ్మని ఇటునుంచి పట్టుకుని అటు లైవ్‌లోకి పంపుతుంది. టీవీలో ఆట బ్రహ్మాండంగా వస్తోంది. లాప్‌టాప్‌లో మాత్రం నల్లగా... అమావాస్య!

"దిష్టిరా," అంది వాళ్ల బామ్మ వెంకాయమ్మగారు. పోయి నిమ్మకాయ తెచ్చి కన్సోలుకి కట్టింది.

తన బొమ్మని ఎవరూ కాపీ కొట్టకుండా కన్సోలు లోపల ఒక తాళం వేసుకునే వస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ తాళం తీయాలి. తేజస్ తీశాడు. బొమ్మ వచ్చింది. "చూశావా, నిమ్మకాయ!" అంది బామ్మ.

బొమ్మ వచ్చింది సరే, మైకులోకి ఇల్లంతా వచ్చేసింది. మిక్సీ, ప్రెషర్ కుక్కరు, నాన్న దగ్గర ట్యూషన్ పిల్లల ఎక్కాలు. వీడు తుపాకీ పేలుస్తుంటే వెనకాల "పదమూడార్లు డెబ్బై ఎనిమిది"!

ఊళ్లో నిశ్శబ్దంగా ఉండే గది ఒక్కటే. అది ఎందుకు నిశ్శబ్దంగా ఉంటుందో మీకిప్పటికే చెప్పా.

వీడు లారీ ఆఫీసులో అడిగి తాళంచెవి తీసుకున్నాడు, వాళ్ల నెట్ లైను కూడా లోపలికి లాక్కున్నాడు. టీవీ, కన్సోలు, లాప్‌టాప్, కెమెరా, మైకు అన్నీ పేర్చుకున్నాడు. మెయిన్ స్విచ్ వేస్తేనే ప్లగ్గులకి కరెంటు. మెయిన్ వేయగానే వెనక గోడమీద కాటా బోర్డు కూడా వెలిగింది. సున్నా.

"సెట్టింగ్ అదిరింది," అనుకున్నాడు. బోర్డు తన వెనక కెమెరాలో పడేలా కుర్చీ జరుపుకున్నాడు. అదీ వీడి తెలివి.

ఊరంతా భోజనాల వేళ. లైవ్ మొదలైంది.

"హాయ్ ఫ్రెండ్స్... వినిపిస్తున్నానా?"

చూసేవాళ్లలో గీతాంజలి ఉంది. మిగతావాళ్లంతా చుట్టాలే. ఆట సాగింది. అరగంట హాయిగా గడిచింది. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకున్నాడు. రెండో చెవిలో చీకటి... దూరంగా లారీ హారన్లు...

"నెక్స్ట్ లెవెల్‌కి వెళ్దాం ఫ్రెండ్స్!" అన్నాడు.

కాసేపయ్యాక — బయట చీకట్లోంచి —

"నెక్స్ట్ లెవెల్‌కి వెళ్దాం ఫ్రెండ్స్..."

వాడి గొంతే. సన్నగా. బొంగురుగా.

తేజస్ వేళ్లు బటన్ల మీద బిగుసుకుపోయాయి. ఆటలో వాడి మనిషి గోడకి మొహం పెట్టి నడుస్తూనే ఉన్నాడు.

అప్పుడు చాట్‌లో ఎవరో రాశారు. *బ్రో, నీ వెనక నంబరు మారింది.*

మెల్లగా... మెడ మాత్రం తిప్పి... చూశాడు.

నూటపది.

*దెయ్యం బాగా బలిసింది బ్రో.* ఇంకొకరు: *డైట్ చెయ్యమను.* చూసేవాళ్లు బిలబిలమని పెరుగుతున్నారు. మొన్నటిదాకా వీడి మొహం చూడని ఊరు ఇప్పుడు వీడి వెనక గోడ చూడ్డానికి ఎగబడుతోంది!

పారిపోదామంటే కుర్చీ వదలకూడదు. వదిలితే నందిగామ. అక్కడ బ్యాంకు కోచింగు, పక్క వీధిలోనే వంకాయలు లెక్కపెట్టుకునే బసవయ్య. ఇద్దరూ కలిసి వణుక్కోవచ్చు.

కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. గుసగుసగా అడిగాడు —

"ఎ... ఎవరది?"





కాసేపటికి... బయటనుంచి మళ్లీ వాడి గొంతే... "ఎ... ఎవరది?"

ఆ వెంటనే ఇంకో గొంతు —

"నేనేరా, నాయనా!"

తలుపు కిర్రుమంది. శాలువా. ఒక చేతిలో ఫోను. ఇంకో చేతిలో స్టీలు క్యారియరు.

వెంకాయమ్మగారు.

"బామ్మా! నువ్వా!"

"కాక ఇంకెవడొస్తాడురా నీకోసం? మజ్జిగన్నం తినకుండా వచ్చేశావు. గంటయ్యేదాకా లోపలికి వెళ్లకని మైథిలి మరీమరీ చెప్పింది. ఇదిగో, ఫోన్లో నీ బొమ్మ పెట్టిచ్చింది. చూసుకుంటూ ఆ ఇనప పలక మీద కూర్చున్నా, చల్లగా ఉంది. నువ్వే 'ఎవరది' అని అడిగావు కదా, పలక్కపోతే బావుండదని వచ్చా."

అదీ సంగతి. లైవ్ ఫోన్లోకి వచ్చేసరికి కాస్త వెనకబడి వస్తుంది. బామ్మ ఫోన్లోంచి వాడి మాటలే వాడికి ఆలస్యంగా వినపడ్డాయి. బరువు కూడా బామ్మదే.

చాట్ నవ్వులతో నిండిపోయింది. *బామ్మ జిందాబాద్.* తేజస్‌కి ప్రాణం లేచొచ్చింది. మాటలు మళ్లీ మొదలెట్టాడు. "సౌండ్ తగ్గించు బామ్మా, మైకులో పడుతుంది." తగ్గించడం ఆవిడకి రాదు. ఫోను బొడ్లో దోపి, పైన శాలువా కప్పేసింది.

"ఫ్రెండ్స్, మా బామ్మ నూటపది కిలోలు!"

"నోరుముయ్! మొన్న ఆస్పత్రిలో తూస్తే యాభై," అంది బామ్మ.

వాడు నవ్వబోయాడు. చాట్‌లో అప్పుడొక్కటే మాట, ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు.

*బోర్డు చూడు.*

*బ్రో బోర్డు.*

చూశాడు. బామ్మ గదిలో ఉంది. బోర్డు మీద... అరవై.

"బామ్మా... నీతో ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదే. ఏం?"

వాడు వేలితో గోడ చూపించాడు. బామ్మ బోర్డు చూసింది. కిటికీ చూసింది. ఆవిడకి భయం వేయలేదు. కోపం వచ్చింది. ఏళ్ల తరబడి రాత్రిళ్లు ఇంట్లోంచి విన్న కేక... బసవయ్యలాగే గొంతు చించుకుని కిటికీలోంచి వేసింది —

"ఒరేయ్ క్లీనరూ, దిగావా?"

ఇద్దరూ చెవులు రిక్కించారు.

ఏమీ వినపడలేదు.

బోర్డు... సున్నా.

"చూశావా," అంది బామ్మ. "పాత కాటా. పట్టేసి ఉంటుంది. అరిస్తే వదిలింది. మీ తాతయ్య కూడా అంతే."

సరిగ్గా అప్పుడే గంట పూర్తయింది. తెగలేదు. కుర్చీ వదల్లేదు. తేజస్ లైవ్ ఆపేసి, కుర్చీలోనే గాల్లోకి ఎగిరాడు. సెలెక్టయ్యాడా అంటే అయ్యాడు. మర్నాడు గీతాంజలి ఫోన్ చేసి, నీకన్నా మీ బామ్మ ధైర్యంగా ఉంది, ఇద్దరూ కలిసి రండి అంది. అత్త కొడుకు కుర్చీ వెనక్కిచ్చేశాడు. ఇదంతా ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఆ తర్వాత జరిగింది విన్నాక మీరిక ఇవేవీ అడగరు.

లైవ్ ఆపినా, బామ్మ బొడ్లో ఫోన్లో అది ఇంకా వెనకబడే నడుస్తోంది కదా. గది నిశ్శబ్దంగా ఉంది. శాలువా కిందనుంచి మొదట బామ్మ కేక వచ్చింది —

"ఒరేయ్ క్లీనరూ, దిగావా?"

ఆగింది...

ఆ తర్వాత, మైకుకి బాగా దగ్గరగా, ఎంతో మర్యాదగా —

"దిగానండీ... లోపలికొచ్చా."