నేను చెరిపేసిన డాల్ఫిన్లు

సముద్రం పక్కన పుట్టినవాణ్ణి నేను. ఆ సముద్రంలో డాల్ఫిన్ల లెక్కలు కట్టేది మాత్రం వెంగళరావు నగర్ పిల్ల సంహిత. దేవుడి పంపకాలు ఇలాగే ఉంటాయి.

ఫిల్మ్‌నగర్‌లో ఓ డబ్బింగ్ స్టూడియోలో నేను సౌండ్ ఇంజనీర్ని. నెల కిందట సంహిత హార్డ్ డిస్క్‌తో వచ్చింది. కాకినాడ దగ్గర నీళ్ళలో మైకులు ముంచి చేసిన రికార్డింగులు. "పడవ ఇంజన్ల రొద తీసెయ్యాలె, మౌళి గారూ" అంది. ఆ కళ్ళు చూసి, అడగనివి కూడా తీసిచ్చాను.

ఇవాళ పొద్దున్నే వానలో తడిసి వచ్చింది. టీ ఇస్తే ముట్టుకోలేదు.

"డాల్ఫిన్లు పోయిన ఏడాది ఉన్నదాంట్ల సగమే ఉన్నయ్. రేపు రిపోర్ట్ ఇస్తే అక్కడ వలలు బంద్ చేస్తరు. రెండొందల పడవల బతుకు. మనసొప్పుతలేదు."

"అన్నీ లెక్కపెట్టారా?"

"అన్నీ ఎట్ల లెక్కపెడ్తం? డాల్ఫిన్ టక్‌టక్ అంటది. దగ్గరిది గట్టిగ, దూరంది సన్నగ. సన్నగ వినబడేటివి ఎన్నో తెలిస్తే, అసలు వినబడనివి ఎన్నో అంచనా కడ్తం. ఈసారి సన్నటివి లేనే లేవు."

వాటిని తీసేసింది నేనే. డైలాగ్ చెప్పేవాళ్ళ నోటి తడి చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. అది వినపడితే చెరిపేసేదాకా మా చెయ్యి ఆగదు. ఇప్పుడు నోరు మూసుకుంటే మంచివాణ్ణే. చెబితే ఈమె మళ్ళీ ఈ గడప తొక్కదు. భయమేసింది.

"అవి ఉన్నాయండీ. నేనే చెరిపేశాను."

"అడగకుండ ఎట్ల చేసిన్రు?"

"శుభ్రంగా ఇస్తే మెచ్చుకుంటారని. ఒరిజినల్ నా దగ్గరుంది."

ఇంజన్ రొద ఒక్కటే తీసి మళ్ళీ ఇచ్చాను. సాయంత్రం దాకా ఆమె అక్కడే కూర్చుని మళ్ళీ లెక్క కట్టింది. చివరికి లెక్క పోయిన ఏడాది అంకె దగ్గరే ఆగింది. వలలు ఆపక్కర్లేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"రిపోర్ట్‌ల ఈ తప్పు మీ పేరుతోనే రాస్త."

"రాయండి."

"మీ ఓనర్ చూస్తే?"

"చూడనివ్వండి. మీరు రావడం మానేస్తారనే నా భయం."

"గదెందుకు?"

"మీరంటే నాకు ఇష్టమండీ."

సంహిత హార్డ్ డిస్క్ తీసి బ్యాగులో పెట్టుకుంది.

"రేపు పదకొండింటికి నాతో రండి. ఆఫీసర్ల ముంగట తప్పు మీరే చెప్పాలె."

"తర్వాత?"

"మా ఇంటికి. ఇప్పుడన్న మాట గాడ గూడ మీరే చెప్పాలె. మా అమ్మంటే నాకు భయం."