డాక్టరమ్మకు తెలియని ఫోటో

"పేషెంటు ఎక్కడండీ?" అంది డాక్టరమ్మ, బల్ల కిందకి కూడా ఒకసారి తొంగిచూసి.

అది పశువుల ఆస్పత్రి. వచ్చినవాడి చేతిలో కుక్క లేదు, పిల్లి లేదు, కనీసం ఒక చిలకైనా లేదు.

"పేషెంటు లేదండీ. నేనొక్కణ్ణే వచ్చాను."

"మనుషుల్ని చూడనండీ నేను. వీధి చివర ఇంకో డాక్టరున్నారు."

"జబ్బు కాదండీ. మీ ఫోటో గురించి."

డాక్టరమ్మ చేతిలోని సిరంజి ట్రేలో పెట్టి, అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

అతనో కెమెరా మెకానిక్. తొమ్మిదేళ్ళుగా లెన్సులు విప్పడం, తుడవడం, బిగించడం. ఆ పనిలో పడి ఓ పిచ్చి పట్టుకుంది. ఏ ఫోటో చూసినా అది ఏ లెన్సుతో తీశారో చెప్పందే ఊరుకోలేడు. సబ్బుల పోస్టరు దగ్గర ఆగి చెప్తాడు. బంధువులింట్లో గోడ మీద దండ వేసిన తాతగారి ఫోటోని కూడా వదల్లేదు.

నిన్న పొద్దున వాళ్ళమ్మ ఫోన్ తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"సంబంధం వచ్చిందిరా. అమ్మాయి పశువుల డాక్టరట. ఎలా ఉంది?"

"నాలుగు వందల మిల్లీమీటర్ల లెన్సమ్మా."

"నేనడిగింది అమ్మాయి గురించి!"

నిజానికి అమ్మాయిని కూడా చూశాడు. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి, చంకలో కుక్కపిల్లని పెట్టుకుని, దాని మొహంలోకి చూసి నవ్వుతోంది. నచ్చింది. చాలా నచ్చింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ ఫోటోలో వెనకాల ఉన్న బోర్డు వచ్చి అమ్మాయి వీపుకి అతుక్కున్నట్టుంది. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తేనే అలా వస్తుంది. పైగా ఎత్తు నుంచి తీశారు. కింద ఓ మూల ఆకుపచ్చగా మసక మరక, ఎవరో మొక్క చాటున నక్కి తీసినట్టు. అంటే ఆ నవ్వే అమ్మాయికి ఫోటో సంగతి తెలిసి ఉండదు.

రోజంతా షాపులో అదే ఆలోచించాడు. నోరు మూసుకుంటే సంబంధం ముందుకు కదులుతుంది. నోరు విప్పితే బహుశా ఇక్కడితో సరి. చివరికి ఫోటోలోని బోర్డు చదువుకుని, ఈ పొద్దున ఆస్పత్రి వెతుక్కుంటూ వచ్చేశాడు.

ఫోన్ చూపించగానే డాక్టరమ్మ మొహం ఎర్రబడింది.

"ఇది మీకెలా వచ్చింది?"

"మా అమ్మకి పంపారండీ, సంబంధం కోసం. మీ నాన్నగారే."

"మా నాన్నా? ఏడాది దాకా పెళ్ళి మాట ఎత్తొద్దని చెప్పాను. ఈ ఆస్పత్రి పెట్టి ఆర్నెల్లు కాలేదు. అసలు ఫోటోయే ఇవ్వనన్నాను." ఆమె గొంతు పెరిగింది. "మీరే దొంగచాటుగా తీసి కథలు చెబుతున్నారా?"

"అంత లెన్సు నాకెక్కడిదండీ? ఒక్కసారి బయటికి రండి."

ఇద్దరూ మెట్ల మీదకి వచ్చారు. అతను ఫోన్‌లో ఫోటో చూస్తూ రెండడుగులు పక్కకి జరిగాడు.

"మీరు ఇక్కడ నిలబడ్డారు. తీసినవాళ్ళు రోడ్డుకి అవతల, మేడ మీదున్నారు. వాళ్ళ ముందు పూలకుండీ ఏదో ఉంది. ఎదురుగా ఉన్న ఆ మేడ ఎవరిదండీ?"

"మాదే."

ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూశారు. పిట్టగోడ మీద వరసగా కుండీలు. రెండు కుండీల మధ్య నుంచి ఓ బట్టతల గభాలున కిందకి వంగింది. దాంతోపాటు వంగడం మర్చిపోయిన పొడుగాటి లెన్సు మాత్రం గోడ మీదే ఉండిపోయింది.

"నాన్నా!"

"పిట్టలమ్మా!" అని గోడ వెనక నుంచి సమాధానం వచ్చింది. "పిట్టల్ని తీస్తున్నాను!"

"ఏ పిట్ట?"

"ఎగిరిపోయింది!"

రిటైరయ్యాక పెద్దాయన పిట్టల కోసం కెమెరా కొనుక్కున్న మాట నిజమే. పిట్టల మీద మోజు మూడు నెలల్లో తీరిపోయి, కూతురి పెళ్ళి మీదకి మళ్ళింది.

డాక్టరమ్మ విసవిసా లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. కోపం ఇంకా దిగలేదు. కానీ ఇతని మీద కాదని ఇద్దరికీ అర్థమైంది.

"మీకు నచ్చకపోతే ఇంట్లోనే వద్దని చెప్పొచ్చుగా? ఇంత దూరం రావడం ఎందుకు?"

"నచ్చారండీ. అందుకే వచ్చాను."

డాక్టరమ్మ ట్రేలోని సిరంజి తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"నచ్చితే ఊరుకోవాలి. మీ పని అయిపోయేది."

"మీకే తెలియని ఫోటో చూసి నేను సరేనంటే ఏం బాగుంటుందండీ?"

డాక్టరమ్మ కిటికీ వైపు చూసింది. మేడ మీద లెన్సు మాయమైంది.

"అయితే ఆ ఫోటో తీసేయండి. నేను వద్దన్నానని మీ అమ్మగారికి చెప్పండి."

"అలాగేనండీ."

ఆమె ఎదుటే తీసేశాడు. తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. దాచుకోవాలని ఎంత ఉందో అతనికే తెలుసు.

విషయం విన్నాక వాళ్ళమ్మ నాలుగు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా గోడకి చెప్పింది. "పిల్లలు చేతికందిన సంబంధాలు కాలదన్నుకుంటారు. మావాడు లెన్సు పేరు చెప్పి కాలదన్నుకున్నాడు."

మూడు వారాల తర్వాత, వాన దంచి కొడుతున్న ఒక మధ్యాహ్నం, డాక్టరమ్మ అతని షాపు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె సగం తడిసింది. భుజానికున్న సంచి మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది. అందులోంచి ఆ పొడుగాటి లెన్సు తీసి కౌంటరు మీద పెట్టింది.

"దీన్ని ఎవరైనా కొంటారా?"

"నాన్నగారిదేనా?"

"జప్తు చేశాను."

అతను మూత తీసి, లెన్సుని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మచ్చ లేదండీ. ప్రాణంలా చూసుకున్నారు. ఇచ్చేయండి, పాపం."

"పాపమా! ఆ రోజు నుంచీ అన్నం దగ్గర కూడా మీ గొడవే. 'ఒట్టి కళ్ళతో నా మేడ కనిపెట్టేశాడే!' అని ఒకటే మెచ్చుకోలు."

అతను మచ్చ లేని లెన్సునే తుడవడం మొదలుపెట్టాడు. వాన తగ్గలేదు. ఆమె వెళ్ళలేదు. అలమరలో లెన్సులన్నీ ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది.

"మీరు బాగుచేయడమేనా, ఫోటోలు కూడా తీస్తారా?"

"తీస్తానండీ. రిపేరయ్యాక టెస్టు చేయాలిగా."

"నాదొకటి తీయండి."

"ఎందుకండీ?"

"మీ అమ్మగారికి పంపాలి."

అతను చేతిలోని లెన్సు కౌంటరు మీద పెట్టేశాడు.

"ఏడాది దాకా వద్దన్నారు కదండీ?"

"పెళ్ళి వద్దన్నాను. ఇప్పటికీ అదే మాట. ఫోటో సంగతి వేరు." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "ఏడాది ఆగుతారా?"

"ఆగుతానండీ."

"కాస్త ఆలోచించుకుని చెప్పండి."

"మూడు వారాలుగా అదే పనండీ."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. అతను అలమరలోంచి ఓ పొట్టి లెన్సు తీసి కెమెరాకి బిగించాడు.

"దీంతో అయితే దగ్గరికి రావాలండీ."

"రండి."

కౌంటరు దాటి వచ్చాడు. వెంట్రుకంత స్క్రూలని పట్టకారుతో కదలకుండా పట్టుకునే చేతులవి. ఆమె సూటిగా చూసేసరికి ఏమయిందో ఏమో, బటన్ నొక్కేటప్పుడు వాటిని నిలబెట్టడం అతని వల్ల కాలేదు.

సాయంత్రం ఫోటో వాళ్ళమ్మ ఫోన్‌కి వచ్చింది. పంపింది డాక్టరమ్మే. కింద ఒక్క మాట రాసింది: 'ఇది నాకు తెలిసే పంపుతున్నానండీ.'

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇదేం ఫోటోరా? మనిషి కదిలిందా, ఇల్లు కదిలిందా? ఇంత చెత్తగా ఎవడు తీశాడు?"

"నేనే తీశానమ్మా."

అమ్మ ఫోటో వంక చూసింది, కొడుకు వంక చూసింది. ఇంకేమీ అడక్కుండా అమ్మాయి వాళ్ళింటికి ఫోన్ కలిపింది.