గోడ అవతలి ఆకు

ఆ రోజు ఉదయం నేను ఇంటి ముందర అరుగు మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నాను. ఒక ఆడపిల్ల స్కూటరు ఆపి, ఓబుళేసు మేస్త్రీ ఇల్లు ఇదేనా అని అడిగింది. పేరు ప్రశాంతి. అనంతపురంలో రాళ్ళ గురించి పెద్ద చదువు చదువుతోంది. సంచిలోంచి పాత తువ్వాలలో చుట్టిన బండముక్క తీసి నా ముందర పెట్టింది. దాని మీద నల్లగా ఒక ఆకు. నాలుక ఆకారం. నడుమ ఒక ఈనె, దానికి అటూ ఇటూ వల మాదిరి అల్లుకున్న సన్నటి ఈనెలు.

మా యాడికి చుట్టుపక్కల బండల మీద చెట్ల మాదిరి నల్ల మరకలు మామూలే. అవి ఆకులు కావు, రాతి సందుల్లో నీళ్ళు ఇంకి పట్టిన మరకలని ఆ పిల్లే చెప్పింది. ఇది మాత్రం నిజమైన ఆకేనట. ఇలాంటివాటి కోసం ఆమె మూడేండ్లు గోదావరి పక్కన పాత బొగ్గుగనుల్లో తిరిగిందట. మా రాళ్ళు భూమి మీద ఆకనేది పుట్టకముందువట. మరి ఈ ఆకు ఇక్కడికి ఎలా వచ్చింది? గొర్రెలు కాసే లింగప్ప దాన్ని మూతపడిన ముగ్గురాయి గని ముందర ఏరుకున్నాడట.

"దారి మీకే తెలుసంట పెద్దాయనా. మీరు రాకుంటే ఇంకెవరినన్నా పిలుచుకొని పోతా" అంది.

ఆ మాటకు నేను లేచాను. అక్కడికి ఇంకెవరూ పోకూడదు.

ఆ గనికి నేను ఇరవై ఏండ్లు మేస్త్రీని. తాగి వచ్చినవాణ్ణి లోపలికి అడుగు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. అబద్ధమాడినవాణ్ణి మరుసటి రోజు పనికి పిలిచేవాణ్ణి కాదు. గనిలో దూరం నుంచి మాట వినబడదు గనక గడ్డపారతో గోడ మీద కొట్టి చెప్పుకునేవాళ్ళం. మూడు దెబ్బలంటే కప్పు సడలింది, దగ్గరికి రావద్దని. నాలుగంటే మనిషి ఉన్నాడు, రమ్మని.

పద్నాలుగేండ్ల కిందట కప్పు కూలి నా తమ్ముడు నాగేశ్వర లోపల చిక్కుకున్నాడు. రెండో రోజు రాళ్ళకుప్పకు చెవి ఆనించి విన్నది నేనొక్కణ్ణే. నాలుగు దెబ్బలు వినబడ్డాయి. నా వీపు మీద కప్పులోంచి మట్టి రాలుతోంది. బయటికి వచ్చి మూడని చెప్పాను. మేస్త్రీ మాటను ఎవరూ కాదనలేదు. నా చేతులతోనే ఆ దారికి అడ్డంగా రాళ్ళు పేర్చి గోడ కట్టాను.

శవం దొరకలేదని తమ్ముని భార్య సరళ ఇప్పటికీ బొట్టు తీయలేదు. వాడి ఎముకలు ఆ గోడ అవతల దొరికితే, గోడ కట్టాక కూడా వాడు బతికే ఉన్నాడనీ, పాక్కుంటూ నా గోడ దాకా వచ్చాడనీ ఊరికి తెలిసిపోతుంది. అందుకే ఆ పిల్లకు దారి చూపడానికి కాదు, తప్పించడానికి ముందు నడిచాను.

బయట మే నెల ఎండ రాళ్ళను కాలుస్తోంది. లోపల పదడుగులకే చీకటి. గబ్బిలాల కంపు. ముగ్గురాయి పొడి గొంతులో గరగరమంది. రెండు దారులు చీలే చోట నేను కుడివైపు చూపించాను. ఆమె ఎడమ దారి ముందర ఆగి గాలి పీల్చింది.

"పచ్చాకు వాసన వస్తాండాది" అంది మెల్లగా.

నాకూ వచ్చింది. అప్పుడే కోసి అరచేతిలో నలిపినట్టు... మూడేండ్లుగా సరైన వాన ఎరుగని నేల కింద.

కప్పు మంచిది కాదన్నాను. ఆమె వినలేదు. ఎడమకు తిరిగి నడిచింది. ముప్పై అడుగులు. టార్చి వెలుగు నా గోడ మీద పడింది.

నేను పేర్చినప్పుడు అవి ఉత్త రాళ్ళు. ఇప్పుడు ప్రతి రాయి మీదా ఆకులు. ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా. కొనలన్నీ ఒకే వైపు. మా వైపు.

ఆమె సంతోషంతో సుత్తి తీసి ఒక రాతి అంచున చిన్నగా తట్టింది.

లోపలి నుంచి జవాబు వచ్చింది.

ఒకటి... రెండు... మూడు...

మూడుతోనే ఆగాలని కోరుకున్నాను.

నాలుగు.

"లోపల ఎవరన్నా ఉండారా?" గుసగుసగా అడిగింది.

"ఎవురూ లేరు."

నాలుగు విని నేను అబద్ధమాడటం అది రెండోసారి. అన్న మరుక్షణం మళ్ళీ నాలుగు. ఈసారి గోడ వెనక కాదు... నా తల పక్కనున్న రాతిలో. ఆమె ఆ రాతి మీది ఆకును వేలితో తాకింది. వేలు వెలుగులోకి తెచ్చి చూసుకుంది. తడి. పసరు.

పరుగెత్తాము.

ఎండలోకి వచ్చాక ఆ పిల్ల వేలికంటిన పసరును పాత తువ్వాలకు తుడుచుకుంది. రాయి సడలితే అలాగే మోగుతుందని చెప్పాను.

"రాయికి లెక్క తెలుస్తాదా పెద్దాయనా?" అంది నా ముఖంలోకి చూస్తూ. రేపు మనుషుల్ని తెచ్చి గోడ తీయిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక దాచి లాభం లేదు. సరళ ఈ సంగతి పరాయివాళ్ళ నోట వినకూడదు. మిట్టమధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. పొయ్యి ముందర కూర్చొని ఉంది. రా బావా, కూర్చో అంది. నిలబడే చెప్పాను. ఆ రోజు నేను విన్నది మూడు కాదు, నాలుగని.

ఆమె ఏడవలేదు. గరిటెతో కూర కలుపుతూనే ఉంది.

"నాలుగు లెక్కపెట్టేదానికి పద్నాలుగేండ్లు పట్టిందా బావా?"

ఆమె పళ్ళెంలో సంగటి ముద్ద, పక్కన నల్లటి ఆకుకూర పెట్టి నా ముందరికి జరిపింది. అప్పుడు చూశాను. పొయ్యి పక్కన చేటలో వండగా మిగిలిన ఆకులు. పచ్చగా, తడిగా. నాలుక ఆకారం. వల మాదిరి ఈనెలు.

"ఈ ఆకు యాడిదమ్మా?"

"మెల్లగా మాట్లాడు బావా." సరళ లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎంతసేపు ఉడికించినా చేదు పోలే. నీ తమ్ముడు తినేసి ఇప్పుడే పండుకున్యాడు. ఇది నీ పాలంట."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చేదు. పళ్ళ కింద రాతిపొడి కరకరలాడింది.

లోపలి గదిలో ఎవరో ఒత్తిగిల్లారు.