కాలవలో పడేసిన చక్రాలు

స్పీడు డెబ్బై!

ముందంతా పొగమంచు. ఎడమ పక్కన నిడదవోలు కాలవ. ఇంకా సరిగ్గా తెల్లారలేదు.

"నెమ్మదండీ, అమ్మగారూ!" సుధాకర్ డాష్‌బోర్డు పట్టుకుంటాడు.

ప్రసన్నలక్ష్మి నెమ్మదించదు. "స్టీరింగ్ పట్టేస్తోందన్నాను కదండీ. మీరే చూడండి."

దబ్!

గుంత. దెబ్బ తిన్నగా నడుములో దిగుతుంది.

సుధాకర్‌కి చెమటలు పడతాయి. ఇరవై ఏళ్లుగా టైర్ల షాపు నడుపుతున్న మనిషి. కింద ఏ చక్రం ఉందో కూర్చున్న సీటే చెప్పేస్తుంది. రిమ్ము పెద్దదైతే రబ్బరు పలచబడుతుంది. గుంతని టైరు మింగదు, మనిషి మింగాలి.

ఇవి పదిహేను అంగుళాల పాత చక్రాలు కావు.

పద్దెనిమిది... అవే!

ఈవిడ భర్త గణేష్‌బాబుకి తనే బిగించాడు. "తిప్పితే లోపల రాసుకుంటోందయ్యా" అని ఆయన రెండుసార్లు వచ్చాడు. "కొత్త కదండీ, సర్దుకుంటుంది" అని రెండుసార్లూ పంపేశాడు.

మూడోసారి కారొక్కటే వచ్చింది. కాలవలోంచి, క్రేన్ మీద.

పోలీసులు తనిఖీకి రాకముందే షాపులో ఉన్న పాత చక్రాలు మళ్ళీ బిగించేశాడు. పెద్దవాటిని కాలవలో పడేశాడు. సంగతి బయటపడితే జైలే!

ఇది జరిగి మూడు నెలలు. అప్పట్నుంచీ ఈ కారు చక్రాల వంక చూడలేకపోతున్నాడు. ఇందాక కూడా తల తిప్పుకునే ఎక్కాడు.

దబ్! దబ్!

గర్ర్... ర్ర్...

ఆ చప్పుడే! టైరు లోపల రాసుకుంటున్న చప్పుడు!

"లాకుల మలుపు వస్తోందండీ," అంటుంది ప్రసన్నలక్ష్మి. "ఆయన పడిపోయింది ఇక్కడే."

అక్కడ రోడ్డు కుడికి తిరుగుతుంది. బండి తిరక్కపోతే నీళ్లే.

స్పీడు ఎనభై!

"ఆపండీ! తిరగదు! టైరు పట్టేస్తుంది!"

"మీకెలా తెలుసు?"

"నేనే బిగించానండీ! నేనే కాలవలో పడేశాను... మళ్ళీ ఎలా వచ్చాయండీ ఇవి!"

బ్రేక్!

కీచుమంటూ కారు గట్టు అంచున ఆగుతుంది.

"దిగి చూడండి."

తలుపు పట్టుకుని దిగుతాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి వంగి చూస్తాడు.

పదిహేను. చిన్నవే. పాతవే!

"ముప్పై ఉండాల్సిన గాలి యాభై కొట్టించాను, టైరు రాయిలా గట్టిపడి గుంతని మింగకూడదని," అంటుంది ఆవిడ. "ఆఖరి రోజుల్లో ఆయన నడుం నొప్పి, నడుం నొప్పి అనేవారండీ. పెద్ద చక్రాలతో వెళ్లిన బండి చిన్నవాటితో ఎలా తేలిందో మీ నోటితోనే వినాలనుకున్నాను."

సీటు పక్కన ఫోను వెలుగుతోంది.

"అంతా విన్నానమ్మా, వచ్చేస్తున్నాం." ఎస్సై ఉదయభాస్కర్ గొంతు.

సుధాకర్ గట్టు మీద కూలబడిపోతాడు.

"మరి... ఆ గరగర ఎలా తెప్పించారండీ?"

ప్రసన్నలక్ష్మి అయోమయంగా చూస్తుంది.

"ఏ గరగర?"

ఇంజను ఆగిపోయి ఉంది. రోడ్డు మీద ఇంకో బండి లేదు.

గర్ర్... ర్ర్...

చెవులు రెండూ మూసుకుంటాడు.

ఆగదు!