నూకాలమ్మ చెప్పని పేరు

1981 మార్చి 9, సోమవారం. ఉదయం పదీ ఇరవై.

ఆర్థికాభివృద్ధి పరిశోధన సంస్థలో ఇనప బీరువా ఖాళీ. భుయ్యాడీహ్ బస్తీలో మూడు వందల ఇళ్ళు తిరిగి నింపిన సర్వే ఫారాలు మాయం. తాళం పగల్లేదు.

తాళంచెవులు రెండు. ఒకటి ఆ సర్వే చేసిన రీసెర్చ్ ఆఫీసర్ నీలకంఠం దగ్గర, రెండోది అటెండర్ అసిరయ్య దగ్గర. ఇంకేం, అసిరయ్యే దొంగ! అందరి ముందూ చొక్కా విప్పించి వెతికారు. సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడుతుందన్నారు.

కబురందుకుని వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ భీమారావుకు ఒళ్ళు మండింది. మూడు వందల ఫారాలు చొక్కాలో దాక్కుంటాయా?

"ఆ కాగితాలు నీకెందుకు అసిరయ్యా?"

"నాకు సదువే రాదు బాబూ. ఏటి సేసుకుంతాను?"

డైరెక్టర్ వైపు తిరిగాడు. "ఫారాలు ఎవరికి కావాలి?"

"ఢిల్లీ నుంచి రేపు తనిఖీకి వస్తున్నారు. శనివారమే తెలిసింది."

బల్ల మీద టైపయిన రిపోర్ట్ ఉంది. వీధివీధికీ కుళాయి ఉందట. చివర నమూనాగా ఒక ఫారం కుట్టారు. భీమారావు దాన్ని రెండుసార్లు చదివి జీపెక్కాడు.

రెండు గంటలకు నూకాలమ్మతో తిరిగొచ్చాడు. ఆ ఫారం ఆవిడ ఇంటిదే.

"ఈయన మీ ఇంటికొచ్చారా?" అని నీలకంఠాన్ని చూపించాడు.

"నానెప్పుడూ సూడనేదు బాబూ."

నీలకంఠం నవ్వాడు. "ఏడాదైంది సార్. మరిచిపోయుంటుంది."

"సరే. అమ్మా, మీ ఆయన పేరేమిటి?"

నూకాలమ్మ నాలిక కరుచుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎలా సెప్పమంతారు బాబూ! మా ఆడబడుచునడగండి, సెప్తాది."

భీమారావు ఫారాన్ని బల్ల మీద కొట్టాడు.

"చదవండి నీలకంఠం గారూ! జవాబులన్నీ భార్యే చెప్పింది, పక్కన ఎవరూ లేరు అని రాశారు. భర్త పేరు పోలరాజు అనీ రాశారు. మీ అమ్మగారు ఏనాడైనా మీ నాన్నగారి పేరు పలికారా? రేషన్ లిస్టు ముందేసుకుని, ఫ్యాను కింద కూర్చుని నింపారు. వీధివీధికీ కుళాయి ఉందని రాసేశారు. తనిఖీ అనగానే బీరువా ఖాళీ చేశారు. మీ పాపం ఈ ముసలాయన నెత్తిన రుద్దారు!"

ఫారాలు నీలకంఠం క్వార్టర్‌లో మంచం కింద దొరికాయి.

"కుళాయి ఏ ఈదిలో ఉంది బాబూ?" అని నూకాలమ్మ అతన్నే అడిగింది. "మేం ఇంకా ఏటి నీళ్ళే మోత్తన్నాం."

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అసిరయ్యా, ఏమీ అనుకోకు. పనిలో చేరు."

"సేరతాను బాబూ. ముందు ఈ నీలకంఠం బాబు సొక్కా కూడా ఇప్పించండి. అందరి ముందూ."

పొద్దున తన చొక్కా విప్పడానికి ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. ఇప్పుడు ఒక్కరూ కదల్లేదు.