కచ్చాకుట్టు

"ఏమమ్మా, మీ నాయన యాడ? సూటుకు కొలతలియ్యాల."

"నాయనకు కండ్లు సరిగా కనపడవు. కుట్టేది నేనే. చేతులెత్తప్పా."

"ఆడోళ్ళు సూటు కుట్టేదా?"

"మొగోళ్ళు చీరలు నేసేది లేదా? ఎత్తు!"

మునేష్ చేతులెత్తేశాడు. కుముదను చూసిన మొదటి నిమిషంలోనే చేతులెత్తేసినవాడు, పాపం, మళ్ళీ దించుకోలేకపోయాడు.

రాబర్ట్‌సన్‌పేటలో కుముద తండ్రి శివరాజ్ అంగడి సూట్లకు పేరు. శివరాజ్ తాత బంగారు గనుల దొరలకు కుట్టినవాడు. డాన్సుకొక కోటు, డిన్నరుకొక కోటు, చావుకొక నల్లకోటు. దొరలు పోయారు, గనులు మూతబడ్డాయి, కోట్లు మాత్రం మన పెళ్ళికొడుకుల భుజాలెక్కి కూర్చున్నాయి. మా కోలారు వైపు రిసెప్షన్ ముహూర్తానికి ముందురోజు సాయంత్రమే. ఆ పూట సూటు, తెల్లారితే పంచె. సూటు పెట్టేది పిల్లనిచ్చే మామ.

మునేష్‌కు కాబోయే మామ పేరు బచ్చప్ప. కురుడుమలెలో మల్బరీ తోట, పట్టుగూళ్ళ వ్యవసాయం. తండ్రి లేని మేనల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇంజనీరింగ్ దాకా చదివించాడు. ఇప్పుడు కూతుర్నీ ఇస్తున్నాడు. ఆ పిల్ల పేరు ప్రేమ. కాబట్టి ఎవరడిగినా మునేష్‌ది ప్రేమ పెళ్ళే!

సూటు కోసం వచ్చినవాడు సూటిగా ఒక్క మాట చెప్పలేడు. బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చి రైలు దిగడం, కోటు భుజం దగ్గర బిగుతంటూ అంగడికి రావడం. మర్నాడు చెయ్యి పొడుగంటూ రావడం.

"నిన్న పొడుగన్నావు, ఇయ్యాల పొట్టంటావు. చెయ్యి పెరిగిందా ఏమప్పా?"

"వానకు తడిసి గుడ్డ కుంచించుకుపోయిండాది."

"కోటు నా దగ్గరే ఉండాది కదా! తడిసింది నువ్వు."

మూల కూర్చున్న శివరాజ్ నవ్వాపుకోలేక దగ్గాడు. కుముద కూడా నవ్వింది, తువ్వాలు విసిరింది. నవ్వులు అయిపోయాక కూడా ఇద్దరూ ఒకరినొకరు చూస్తూనే ఉన్నారు. కొలతగా మొదలైంది కలతగా మారింది అక్కడే.

ఆఖరి ట్రయల్ రోజున, తెల్లదారంతో కచ్చాకుట్లు వేసిన కోటు అతనికి తొడిగింది.

"ఇది మళ్ళీ విప్పొచ్చా?" అడిగాడు.

"కచ్చాకుట్టు ఉండేదే విప్పేదానికి. మిషను కుట్టు పడేదాకా టైముండాది."

"ఇప్పుడు కూడానా? ఇంత దూరం వచ్చినాక?"

ఆమె చేతిలో గుండుసూది ఆగింది. అడుగుతున్నది కోటు గురించి కాదు.

"నువ్వు చెప్తే విప్తాను. నువ్వు నోరు తెరవకుండా నేను విప్పేది లేదప్పా."

మునేష్ నోరు తెరిచాడు.

"నా చేత పలక పట్టించినోడు మామ. ఈ గుడ్డ రంగు కూడా ప్రేమే ఏరింది, తన చీరకు జోడీ అని... ఏం చెప్పేది కుముదా?"

పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"అయితే కుట్టేస్తాను," అంది. మళ్ళీ రావడానికి సాకు దొరకనంత బాగా కుట్టింది.

రిసెప్షన్ రోజు తండ్రి చెయ్యి పట్టుకుని కుముద స్టేజీ ఎక్కింది. మునేష్ కాలరు కింద తెల్లదారం వేలాడుతోంది. తాత కాలం నుంచీ ఆ అంగడిలో జరగని పొరపాటు. మరిచిపోయిందో, మరవలేకపోయిందో.

ఆమె చెయ్యి చాచింది.

"ఉండనీ," అన్నాడు మునేష్, ఆమెకు మాత్రమే వినపడేలా.

"ఉంటే అందరికీ కనిపిస్తాదప్పా." దారం మెల్లగా లాగి వేలికి చుట్టుకుంది.

ప్రేమ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, సూటు ఎంత బాగా కుదిరింది! మా బావ కొలతలన్నీ నీకే తెలిసినట్టుండాది."

"ఇంగ నువ్వు తెలుసుకో తల్లీ. ఎడమ భుజం రవంత దిగుంటాది. ఎవరికీ చెప్పడు."

ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. అందరూ నవ్వారు.

తెల్లారి శివరాజ్ అడిగాడు. "ముహూర్తానికి పోవా అమ్మా? అక్షింతలేసి రా."

"పంచెకు కొలతలుండవు కదా నాయనా. నాతో ఏం పని?"

వేలికి చుట్టుకున్న తెల్లదారం విప్పి సూదికి ఎక్కించింది. ఇంకెవరిదో పెళ్ళికోటు ముందుకు లాక్కుంది.