మోగని బీకన్

"ఆగండి. ఇది తగిలించుకోకుండా పడవ ఎక్కడానికి వీల్లేదు."

కొత్తగా చేరిన డైవింగ్ మాస్టారు ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద పెట్టి ఆగిపోయాడు. ఎదురుగా సామాన్ల గదిలో పనిచేసే అమ్మాయి. చేతిలో నారింజ రంగు డబ్బా. ముఖంలో నవ్వన్నది మచ్చుకైనా లేదు.

"ఏంటండీ అది?"

"బీకన్. సముద్రంలో తప్పిపోతే మనం ఎక్కడున్నామో శాటిలైట్‌కి చెబుతుంది. తడవకుండా డబ్బాలో పెట్టాం."

"నీళ్ళ కింద పనిచేస్తుందా?"

"చెయ్యదు. పైకి తేలాక డబ్బా తెరిచి, యాంటెన్నా లేపి, బటన్ నొక్కాలి."

"నేను పనిచేసేది నీళ్ళ కింద. ఇది పనిచేసేది నీళ్ళ పైన. మా ఇద్దరికీ కాపురం ఎలా కుదురుతుందండీ?"

పడవ నడిపే ఆయన కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పైకి వచ్చేసరికి పడవ కనిపించలేదనుకోండి. చక్కగా కుదురుతుంది. తగిలించుకోండి."

తగిలించుకున్నాడు. పడవ కదిలాక మాత్రం చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుని, "వెళ్ళొస్తానండీ డబ్బాగారూ!" అని అరిచాడు. సాయంత్రానికి ఆ పేరు రేవంతా పాకిపోయింది.

ఆమె ఇంట్లో కాలేజీ ముఖం చూసిన మొదటి మనిషి ఆమే. నాన్న ఇదే రేవులో మూటలు మోశాడు. చదివింది ఎలక్ట్రానిక్స్, దొరికింది ఈ డైవింగ్ షాపులో సిలిండర్లకి గాలి నింపే పని. ఏ పనైనా చెప్పినట్టు చెయ్యాలి, చెప్పిన వేళకి చెయ్యాలి, అంతే ఆమెకి తెలిసింది. సిలిండర్లు, మాస్కులు, రబ్బరు గొట్టాలు మంచినీళ్ళతో కడగడం, బీకన్ల బ్యాటరీలు చూడడం, అన్నీ ఆమే.

మర్నాటి నుంచి మాస్టారు అందరికంటే ముందు వచ్చేవాడు. డబ్బా అందుకునేటప్పుడు ఒక చూపు, తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో చూపు. మొదటి చూపులో అల్లరి ఉండేది. రెండో చూపులో అలసట, ఆ అలసట వెనకాల ఇంకేదో.

"ఇవాళ మా బీకన్‌గారు బెంగపెట్టుకున్నారు. కింద చాలాసేపు ఉండిపోయానని."

"బీకన్‌కి బెంగ ఉండదు."

"మరి ఎవరికుంటుంది?"

ఆమె సిలిండర్ వైపు తిరిగి, తిరగని మరని ఇంకా బిగించింది.

ఒకరోజు వాన పట్టుకుంది. సామాన్ల గది మీద రేకులు దబదబా మోగుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. వినబడాలంటే దగ్గరికి జరగాలి. జరిగారు. వానకి ఏం తెలిసిందో ఏమో, ఇంకాస్త గట్టిగా కురిసింది.

"మావయ్యకి మన సంగతి చెప్పాను," అన్నాడతను. షాపు యజమాని అతని మేనమామే, తల్లీతండ్రీ లేని అతన్ని పెంచిందీ ఆయనే. ఆయన కాదంటే అతను పెళ్ళి చేసుకోడు.

"ఏమన్నారు?"

"'ఆ డబ్బా పిల్లా? అయినదానికీ కానిదానికీ కంగారుపడే పిల్ల మన ఇంట్లో ఇమడదురా. దాని మాటలు విని నువ్వూ పిరికివాడివి అవుతున్నావు' అన్నాడు."

ఆమెకి కారణం తెలుసు. క్రితం ఏడు ఒక టూరిస్టు ఊరికే భయపడి బీకన్ నొక్కేశాడు. హెలికాప్టర్ వచ్చింది, వెనకాలే ఆఫీసర్లు వచ్చారు, ఒక సీజన్ మొత్తం షాపుకి తాళం పడింది. అప్పటినుంచి బీకన్ పేరెత్తితే ఆయనకి ఒళ్ళు మండుతుంది.

"ఒప్పిస్తాలే. నాకు కాస్త టైమివ్వు."

"ఎంతైనా తీసుకో. కానీ ఒక మాటివ్వు. పడవ కనిపించకపోతే ఇంకేమీ ఆలోచించకుండా నొక్కుతానని."

"నొక్కుతాను తల్లీ. సిగ్నల్ అందగానే రక్షణ కేంద్రం వాళ్ళు ఈ షాపుకే కదా ఫోన్ చేసేది? నువ్వు ఫోన్ దగ్గర కూర్చో. మోగిందా, నేను పైన ఉన్నట్టు. మోగలేదా, కింద ఉన్నట్టు. సరేనా?"

"ఛీ, అవేం మాటలు!" అంటూ అతని నోరు మూసింది. అరచేతికి అతని నవ్వు తగిలింది.

ఆ తర్వాత వారంలోనే మాస్టారు ఒక అకౌంటెంటునీ ఆయన భార్యనీ దూరపు రాళ్ళ దగ్గరికి డైవింగ్‌కి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం దాటుతుండగా రేడియోలో పడవ నడిపే ఆయన గొంతు వినిపించింది.

"అమ్మాయ్, వీళ్ళు పైకి రాలేదు. బుడగలూ కనిపించడం లేదు. నీళ్ళు బాగా లాగుతున్నాయి. చుట్టూ తిరిగి చూడనా?"

ఆమె రక్షణ కేంద్రానికి చేద్దామని ఫోన్ ఎత్తింది. యజమాని పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగమ్మా. వాడి దగ్గర బీకన్ ఉంది కదా?"

"ఉంది సార్. నేనే ఇచ్చాను."

"పైన తేలితే నొక్కుతాడా?"

"నొక్కుతాడు."

"నువ్వు చూసొచ్చినట్టు చెబుతున్నావే!"

"నాకు తెలుసు సార్. నొక్కి తీరతాడు."

"నొక్కితే వాళ్ళే మనకి ఫోన్ చేస్తారుగా. మరి చెయ్యలేదేం?"

ఆ ప్రశ్నకి జవాబు ఆమెకి అప్పుడు తట్టింది. పైన ఉంటే మోగేది. మోగలేదు.

"కిందున్నవాళ్ళని హెలికాప్టర్ ఏం వెతుకుతుంది? మన డైవర్లని పంపు ముందు," అన్నాడాయన. ఆయనకి షాపు భయం. ఆమెకి అది కనిపించలేదు. మాట సబబుగానే తోచింది.

రేడియో అందుకుని ఆమే చెప్పింది. "అన్నా, చుట్టూ తిరగొద్దు. పైన లేరు. రాళ్ళ దగ్గరే ఉండు, డైవర్లని పంపుతున్నా. కింద వెతకండి."

తర్వాత ఫోన్ ముందు కూర్చుంది. ఆ సిలిండర్లలో గాలి నింపింది తనే. అది ఎంతసేపు వస్తుందో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తనకి తెలియకపోయినా బాగుండేదనుకుంది. ఆ వేళ దాటిపోయింది. ఫోన్ మోగలేదు. బల్ల మీద తల వాల్చి, గొంతు బయటికి రాకుండా ఏడ్చింది. ఇంకా తనకి మొగుడు కాని మనిషి కోసం గట్టిగా ఏడవచ్చో లేదో కూడా తెలియలేదు.

పొద్దు వాలుతుండగా ఒక చేపల పడవ ముగ్గురినీ తెచ్చి రేవులో దించింది.

ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు. ముఖాలు ఎండకి కమిలిపోయాయి. అకౌంటెంటు భార్యకి ఉబ్బసం, ఉప్పునీళ్ళు మింగి ఊపిరి అందడం లేదు. ఆమెని స్ట్రెచర్ మీద అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే అకౌంటెంటు ఈ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు.

"మీ మాస్టారు దేవుడమ్మా! వస్తారు, వస్తారు అని ధైర్యం చెబుతూనే ఉన్నాడు. దూరంగా మీ పడవ కనిపించింది కూడా. అరిచాం. ఇటు రానే లేదు. ఆ డబ్బాలో ఏమైనా పనికొచ్చేది ఉందా అని మా ఆవిడ అడిగితే, ఖాళీ డబ్బా అన్నాడు పాపం."

ఆమె మాస్టారు నడుము వైపు చూసింది. డబ్బా మూతకి తను వేసిన టేపు చెక్కుచెదరలేదు.

సామాన్ల గదిలోకి అతను వెనకాలే వచ్చాడు.

"పాడైందా?" అంది.

"లేదు."

"చేతులు పట్టుతప్పాయా?"

"లేదే..."

"మరి?"

అతను గోడకి ఆనుకున్నాడు. "నొక్కితే మళ్ళీ హెలికాప్టర్, మళ్ళీ ఆఫీసర్లు, మళ్ళీ షాపుకి తాళం. ఇప్పుడొస్తుంది పడవ, ఇంకాసేపట్లో వస్తుంది అనుకుంటూ ఉన్నాను. గొడవ లేకుండా బయటపడితే మావయ్య నన్ను పిరికివాడనడు, మన పెళ్ళికి అడ్డు చెప్పడు అనిపించింది. నీకోసమే కదా!"

"పడవ ఎందుకు రాలేదో తెలుసా నీకు?"

"ఎందుకు?"

"నేనే ఆపాను. పైన ఉంటే నొక్కేవాడు, నొక్కలేదు కాబట్టి పైన లేడు అని చెప్పాను. నువ్విచ్చిన మాట నమ్మి నిన్ను నీళ్ళ అడుగున వెతికించాను."

అదే సమయానికి యజమాని లోపలికి వచ్చి మేనల్లుడి భుజం తట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"నిబ్బరమంటే వీడిదీ! ఇంత జరిగినా చీమకి కూడా తెలియనివ్వలేదు. అమ్మాయ్, నీ గురించి కూడా తప్పుగా అనుకున్నాను. నువ్వూ గడప దాటనివ్వలేదు విషయాన్ని. ఇకనుంచి సార్ కాదు, మావయ్యా అని పిలువు. పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందామో మీ నాన్నని వచ్చి చెప్పమను."

ఆ మాట కోసం ఆమె ఎంతగా ఎదురుచూసిందో! వచ్చింది. చేదుగా ఉంది.

"ఆవిడకి ఎలా ఉందో కనుక్కున్నారా సార్?"

"ఏ ఆవిడ? ఓ, ఆవిడా... తగ్గిపోతుందిలే."

ఆమె తన సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మాస్టారు, దారికి అడ్డంగా నిలబడి.

"ఆస్పత్రికి. ఆ డబ్బా ఖాళీది కాదని ఆయనకి చెప్పాలి. పడవని నేనే ఆపానని కూడా."

"పిచ్చా నీకు? షాపు పోతుంది. మన పెళ్ళి పోతుంది. ఇలా చూడు... నేను బతికే ఉన్నాను కదే!"

ఆమె చూసింది. ఉప్పు కట్టిన కనురెప్పలు, పగిలిన పెదవి. తుడవాలని చెయ్యి లేచింది. ఆ చేత్తోనే అతన్ని పక్కకి జరిపింది.

"మధ్యాహ్నమే నీకోసం ఏడ్చేశాను. తప్పుకో."

ఆస్పత్రి వరండాలో అకౌంటెంటు తడిబట్టలతోనే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపల భార్యకి ఆక్సిజన్ పెట్టారట. అమ్మాయి ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. తను చేసింది కూడా దాచలేదు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. తడిసిన చొక్కా అంచు పిండుకుని తలెత్తాడు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావమ్మా? ఆ అబ్బాయి నీకేమవుతాడు?"

ఆమె సంచీ భుజానికి సర్దుకుంది.

"ఇవాళ పొద్దున్నదాకా అన్నీ అయ్యేవాడండీ."